బెండ విత్తనం దాచేముందు
విశాఖలో మేడ మీద బెండ పెంచేవాళ్లకి ఒక మాట. ముందు కాసినవన్నీ తినేసి, చివర్లో ముదిరిన కాయని విత్తనానికి వదిలేయకండి. మొదట్లో నేనూ అదే చేశాను, ఏటేటా కాపు ఆలస్యమైంది! చూడాల్సింది కాయని కాదు, మొక్కని. ఉప్పుగాలికి తట్టుకుని, ఆకు ఈనెలు పసుపెక్కకుండా, అందరికంటే ముందు కాసిన మూడు నాలుగు మొక్కలకి రంగు దారం కట్టండి. వాటి తొలి కాయలు చెట్టుకే ఎండాలి. బెండ పువ్వు ఎక్కువగా సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది గానీ తేనెటీగలు ఊరుకోవు. రేపు విచ్చే మొగ్గకి ఇవాళ సాయంత్రమే పల్చటి గుడ్డ సంచి తొడిగితే వేరే రకం కలవదు. హైబ్రిడ్ ప్యాకెట్ విత్తనమైతే మాత్రం ఈ శ్రమ దండగ, పిల్లలన్నీ తల్లిలా రావు. ఎండిన గింజల్ని మూత బిగిసే గాజు సీసాలో పెట్టండి, ఇక్కడి తేమ సంగతి తెలిసిందేగా.