ఇంట్లోనే 20 నిమిషాల్లో జపనీస్ యాకిసోబా ఎలా చేయాలి?

నూడుల్స్ అనగానే మనకి గుర్తొచ్చేది సాయంత్రం పూట రోడ్డు పక్కన ఫాస్ట్‌ఫుడ్ బండి, పెద్ద మంట, సోయా సాస్, వెనిగర్, చిల్లీ సాస్, మీద మిరియాల పొడి. యాకిసోబా కూడా వేయించిన నూడుల్సే, కూరగాయలు కూడా దాదాపు అవే, కానీ తింటే పూర్తిగా వేరే రుచి. కారం అసలు ఉండదు, కాస్త తీపి కాస్త పులుపు కలిసిన చిక్కటి సాస్ పెనం మీద వేగి మాడీ మాడనట్టు వచ్చే వాసన, అక్కడక్కడా కరకరలాడే నూడుల్స్, ఇంకా పచ్చిదనం పూర్తిగా పోని క్యాబేజీ. జపాన్‌లో ఎండాకాలం జాతరల్లో పెద్ద ఇనప పలక మీద రెండు అట్లకాడలతో ఎగరేస్తూ చేస్తారు, అదే జపాన్ ఇళ్ళల్లో శనివారం మధ్యాహ్నం వంట చేసే ఓపిక లేనప్పుడు ఫ్రిజ్‌లో మిగిలిన క్యాబేజీ, ఒక క్యారెట్ తీసి పావుగంటలో చేసేసుకునే తిండి కూడా.

ఇందులో ఒక్క విషయం పట్టుకుంటే చాలు, మిగతాది చేత్తో వచ్చేస్తుంది. నూడుల్స్ విడిగా వేగాలి, సాస్ కూడా వేగాలి. చాలామంది కూరగాయలు వేయించి దాని మీదే నూడుల్స్ వేసి పైనుంచి సాస్ పోసి కలిపేస్తారు, అప్పుడు కూరగాయల నీళ్ళు, సాస్ నీళ్ళు రెండూ నూడుల్స్ పీల్చుకుని ముద్దముద్దగా అయిపోతాయి, రుచి పర్లేదు కానీ యాకిసోబా మాత్రం అవ్వదు.

ఇద్దరికి కావలసినవి

నూడుల్స్: ఎండువి అయితే 150 గ్రాములు, మెత్తటి రెడీ నూడుల్స్ అయితే 300 గ్రాములు. క్యాబేజీ 150 గ్రాములు, చిన్న క్యారెట్ సగం, ఉల్లిపాయ సగం, దొరికితే ఒక గుప్పెడు పొడుగు పెసర మొలకలు. మాంసం 100 గ్రాములు. జపాన్‌లో పలచగా కోసిన పంది మాంసం వేస్తారు, అది తినని వాళ్ళు ఎముకల్లేని చికెన్ తొడ ముక్కలు సన్నగా కోసి వేసుకోవచ్చు, రొయ్యలు కూడా చాలా బాగుంటాయి, వెజ్ వాళ్ళు పుట్టగొడుగులు లేదా గట్టి టోఫు వేసుకోండి. నూనె రెండు టేబుల్ స్పూన్లు, వాసన లేనిది, పల్లీ నూనె అయినా సన్‌ఫ్లవర్ అయినా ఓకే.

నూడుల్స్ సంగతి

జపాన్‌లో ఉన్నవాళ్ళకి ఇది చాలా ఈజీ. ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా ఫ్రిజ్ సెక్షన్‌లో ఆవిరి మీద ఉడికించేసిన గోధుమ నూడుల్స్ మూడు కట్టలు, మూడు సాస్ పొడి ప్యాకెట్లతో కలిపి ఒకే కవర్‌లో దొరుకుతాయి, మారుచాన్ కంపెనీది 1975 నుంచి ఉంది, చాలా ఇళ్ళల్లో అదే వాడతారు. టోక్యోలో నిషి కసాయ్ లాంటి మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఏరియాల్లో కొత్తగా వచ్చినవాళ్ళు ఇది చూసి వెజ్ అనుకుని కొనేస్తుంటారు, కానీ సాస్ పొడిలో పంది మాంసం లేదా చికెన్ రసం కలిసి ఉండొచ్చు కాబట్టి ప్యాకెట్ వెనకాల అలర్జీ డబ్బాలో ఏం రాసుందో ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసి చూసుకుని కొనండి. డౌట్ ఉంటే నూడుల్స్ వాడి పొడి పక్కన పడేయండి, సాస్ మనమే చేసుకుందాం.

ఈ కట్టలు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెనం మీద వేస్తే ముక్కలు ముక్కలుగా విరిగిపోతాయి. కవర్ కొంచెం చింపి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం పెట్టి వేడెక్కాక చేత్తో మెల్లగా విడదీయండి. మైక్రోవేవ్ లేకపోతే ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టించినా చాలు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే మామూలు హక్కా నూడుల్స్ ప్యాకెట్ తెచ్చుకోండి, సన్నగా గుండ్రంగా ఉన్నవి మంచివి. ఇన్‌స్టంట్ మసాలా నూడుల్స్ వద్దు, అవి ముందే నూనెలో వేయించినవి, మళ్ళీ వేయిస్తే పొడిపొడి అయిపోతాయి. ప్యాకెట్ మీద ఎన్ని నిమిషాలు ఉడికించమని ఉందో దానికంటే ఒక నిమిషం ముందే దించి చిల్లుల గిన్నెలో వంపేసి, చన్నీళ్ళు పోసి చేత్తో కడిగి, నీళ్ళన్నీ కారిపోయాక ఒక స్పూన్ నూనె రాసి పెద్ద ప్లేట్‌లో పరిచి ఫ్యాన్ కింద పది నిమిషాలు ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం దగ్గర తొందరపడొద్దు, తడి నూడుల్స్ ఎంత మంట మీద వేసినా వేగవు, ఉడుకుతాయి అంతే.

నూడుల్స్ దొరకని ఊళ్ళో ఉన్నారా, సన్న స్పగెట్టి తీసుకోండి. లీటర్ నీళ్ళలో ఒక టేబుల్ స్పూన్ వంట సోడా వేసి అందులో ఉడికించండి. ఈ రకం నూడుల్స్ పిండిలో క్షార గుణమున్న ఉప్పు నీళ్ళు కలుపుతారు, పసుపు రంగు, సాగే గుణం, ఒక రకమైన వాసన అన్నీ దానివల్లే వస్తాయి, సోడా నీళ్ళలో ఉడికిస్తే స్పగెట్టికి కూడా దాదాపు ఆ లక్షణం వచ్చేస్తుంది. సోడా వేయగానే నీళ్ళు పొంగుతాయి కాబట్టి పెద్ద గిన్నె పెట్టుకోండి, ఉడికాక బాగా కడగండి, లేకపోతే నోటికి సబ్బులా తగులుతుంది.

సాస్

అసలు సాస్ వూస్టర్ సాస్ జాతిది. ఇంగ్లండ్ వూస్టర్ సాస్‌లో వెనిగర్, ఆంకోవీ చేపలు, బెల్లం పాకం లాంటిది, ఉల్లి, వెల్లుల్లి, ఇంకా చింతపండు కూడా ఉంటాయి. జపాన్ వాళ్ళు దాన్ని వాళ్ళ పద్ధతికి మార్చుకుని టమాటా, ఆపిల్, ఉల్లి, క్యారెట్ లాంటి కూరగాయలు పళ్ళతో తీపి ఎక్కువగా చేసుకున్నారు. టోక్యో వైపు బుల్‌డాగ్, హిరోషిమా నుంచి వచ్చే ఒటాఫుకు, ఈ రెండు పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. యాకిసోబా సాస్ అనే రాసి ఉన్న బాటిల్ దొరికితే ఇద్దరికి నాలుగు టేబుల్ స్పూన్లు చాలు, ఇంకేం కలపక్కర్లేదు.

బాటిల్ లేకపోతే ఇలా కలుపుకోండి: వూస్టర్ సాస్ మూడు టేబుల్ స్పూన్లు, టమాటా కెచప్ ఒక టేబుల్ స్పూన్, సోయా సాస్ రెండు టీ స్పూన్లు, ఆయిస్టర్ సాస్ ఉంటే రెండు టీ స్పూన్లు, పంచదార అర టీ స్పూన్, కాస్త మిరియాల పొడి. మన దగ్గర దొరికే కెచప్ చాలా తియ్యగా ఉంటుంది కాబట్టి పంచదార వేసే ముందు ఒకసారి రుచి చూడండి.

వూస్టర్ సాస్ కూడా లేదు, చేపలు పడవు అంటే చింతపండు ఎలాగూ మన వంటింట్లో ఉంటుంది కదా. చిక్కటి చింతపండు గుజ్జు ఒకటిన్నర టీ స్పూన్, సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్, కెచప్ రెండు టేబుల్ స్పూన్లు, వెనిగర్ ఒక టీ స్పూన్, తురిమిన బెల్లం ఒక టీ స్పూన్, మిరియాల పొడి, చిటికెలో సగం లవంగాల పొడి, రెండు స్పూన్ల నీళ్ళు. అన్నీ కలిపి చిన్న గిన్నెలో ఒక్క పొంగు రానిచ్చి దించేయండి. లవంగం మాత్రం ఎక్కువ వేయొద్దు, బిర్యానీ వాసన వచ్చేస్తుంది. సోయా సాస్‌లో ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి వంట మొత్తంలో విడిగా ఉప్పు వేయకండి, చివర్లో రుచి చూసి కావాలంటే అప్పుడు.

ఇక పెనం దగ్గరికి

క్యాబేజీని సన్నగా తరగొద్దు, అగ్గిపెట్టెంత చదరం ముక్కలుగా చేత్తో చింపినా పర్లేదు. సన్నగా తరిగితే ఊరికే నీరు వదిలేసి మెత్తబడిపోతుంది. క్యారెట్ పలచటి చీలికలు, ఉల్లిపాయ కొంచెం మందంగా. అన్నీ పక్కన పెట్టుకుని, సాస్ కూడా రెడీగా ఉంచుకుని అప్పుడే స్టవ్ వెలిగించండి, ఎందుకంటే మొదలెట్టాక మొత్తం పది నిమిషాల పనే, మధ్యలో వెతుక్కునే టైం ఉండదు.

వెడల్పాటి ఇనప మూకుడు మంచిది, ఇనప దోసె పెనం ఉంటే నూడుల్స్ వేయించడానికి ఇంకా మంచిది, జపాన్ బండ్ల మీద వాడేది కూడా చదునైన ఇనప పలకే కదా. బాగా వేడెక్కనిచ్చి ఒక స్పూన్ నూనె వేసి నూడుల్స్ పలచగా పరవండి. పరిచాక రెండు నిమిషాలు కదపొద్దు, గరిట పక్కన పెట్టేయండి. అడుగున బంగారు రంగు మచ్చలు వచ్చాక అట్లకాడతో ఒకసారి తిరగేసి ఇంకో నిమిషం ఉంచి ప్లేట్‌లోకి తీసేయండి. నిజంగా మీ యాకిసోబా బాగుంటుందా లేదా అనేది ఈ మూడు నిమిషాల్లోనే తేలిపోతుంది.

అదే పెనంలో మిగతా నూనె వేసి మాంసం వేయండి, ముక్కల రంగు మారి అంచులు ఎర్రబడే దాకా వేయించండి, చికెన్ అయితే లోపల దాకా ఉడికిందని చూసుకోండి. తర్వాత ఉల్లి, క్యారెట్ వేసి ఒక నిమిషం, ఆ తర్వాత క్యాబేజీ, మొలకలు వేసి పెద్ద మంట మీద ఒక్క నిమిషం. క్యాబేజీ ఇంకా ఉడకలేదే అనిపించినప్పుడే ఆపాలి, మిగతాది నూడుల్స్ వేడికి సరిపోతుంది.

ఇప్పుడు నూడుల్స్ మళ్ళీ పెనంలోకి వేసి రెండు మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు చిలకరించండి, ఆ ఆవిరికి నూడుల్స్ విడివిడిగా వచ్చేస్తాయి. ఇంతకుముందు తడి వద్దన్నాం కదా అని డౌట్ రావచ్చు, అప్పుడు వేగడానికి వద్దన్నాం, ఇప్పుడు వేగిపోయాయి కాబట్టి విడదీయడానికి ఈ కాస్త నీళ్ళు కావాలి. నీళ్ళు పూర్తిగా ఇంకిపోయి చిటపట శబ్దం మళ్ళీ మొదలయ్యాక సాస్ వేయండి. సాస్‌ని నూడుల్స్ మీద కాకుండా పెనం అంచుల చుట్టూ పోయండి, వేడి ఇనుముకి తగిలి సర్రున పొంగుతుంది, ఆ వాసనే జాతర బండి దగ్గర వచ్చే వాసన. వెంటనే కింద నుంచి పైకి ఎత్తుతూ ఒక నిమిషం కలిపి దించేయండి. సాస్‌లో తీపి ఉంది కాబట్టి ఇంకా ఉంచితే మాడి చేదొస్తుంది.

నలుగురికి చేయాలంటే రెండు వాయిలుగా చేయండి, దయచేసి అన్నీ ఒకేసారి కుక్కొద్దు, ఇంటి స్టవ్‌కి అంత వేడి లేదు.

పైన ఏం వేయాలి

ఆవోనోరి అనే పచ్చటి సముద్రపు నాచు పొడి, ఎర్రటి అల్లం ఊరగాయ. ఈ రెండూ లేకుండా కూడా తినొచ్చు కానీ అల్లం మాత్రం వదలొద్దని నా మాట, తియ్యటి సాస్ మధ్యలో ఆ ఘాటు పుల్లదనం తగిలితేనే ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది. లేత అల్లం అగ్గిపుల్లల్లా తరిగి నిమ్మరసం, ఉప్పు, ఒక పలచటి బీట్‌రూట్ ముక్క వేసి వంట మొదలుపెట్టే ముందే పక్కన పెట్టేయండి, వంటయ్యే లోపు గులాబీ రంగు వచ్చి ఊరిపోతుంది. ఆవోనోరి బదులు సుషీకి వాడే నోరి షీట్‌ని మంట మీద ఒక్క క్షణం కాల్చి నలిపి చల్లండి. కొత్తిమీర వేయకండి, దాని వాసన మొత్తం ప్లేటునే లాగేసుకుంటుంది. ఎండబెట్టిన చేప పొరలు, మయోనీస్ మీ ఇష్టం.

ఊరికో రకం

జపాన్‌లో దీనికి ఊరూరికీ ఒక పద్ధతి ఉంది. షిజువోకా ప్రాంతంలో ఫుజి పర్వతం దగ్గరున్న ఫుజినోమియా ఊళ్ళో నూడుల్స్ గట్టిగా నమిలేలా ఉంటాయి, పంది కొవ్వు కరిగించగా మిగిలిన కరకరలాడే ముక్కలు, పైన ఎండు చేపల పొడి వేస్తారు. ఊళ్ళ సొంత తిండ్లకి జరిగే బీ-1 గ్రాండ్ ప్రీ పోటీలో 2006లో, 2007లో వరసగా అదే గెలిచింది, ఒక మామూలు నూడుల్స్ ప్లేటు కోసం జనం ఆ ఊరికి ప్రయాణం కట్టేలా చేసింది. 2009లో గెలిచిన అకితా ప్రాంతపు యోకోతె యాకిసోబా మీద సగం ఉడికిన గుడ్డు, పక్కన ఎర్రటి తియ్యటి ఊరగాయ ఉంటాయి. ఇంట్లో చేయడానికి నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, పచ్చసొన పగలగొట్టి నూడుల్స్‌కి పట్టిస్తే సాస్ ఘాటు తగ్గి పిల్లలు కూడా ఇష్టంగా తింటారు. క్యూషూలో హితా అనే ఊరి పద్ధతిలో అయితే నూడుల్స్‌ని ఒకవైపు బాగా కరకరలాడే దాకా కాల్చి మొలకలు ఎక్కువగా వేస్తారు, మన దోసె పెనానికి బాగా కుదిరేది అది.

ఇదే పద్ధతిలో లావు ఉడాన్ నూడుల్స్ వేసి సోయా సాస్‌తో చేస్తే యాకి ఉడాన్ అవుతుంది. సాస్ బదులు ఉప్పు, వెల్లుల్లి, నిమ్మరసం, చివర్లో రెండు చుక్కల నువ్వుల నూనె వేస్తే ఇంకో రకం, ఎండల్లో అది తేలిగ్గా ఉంటుంది. మన గానుగ నువ్వుల నూనె వేరు, అక్కడ వాడేది వేయించిన నువ్వులది, ముదురు రంగులో ఉంటుంది, అదే వాడండి.

మిగిలిపోతే పారేయొద్దు. హాట్‌డాగ్ బన్‌ని మధ్యలో చీల్చి కాస్త వెన్న రాసి చల్లారిన యాకిసోబా కుక్కి పైన అల్లం పెడితే పిల్లల లంచ్ బాక్స్ అయిపోయినట్టే, జపాన్ బేకరీల్లో దీన్ని అలాగే అమ్ముతారు. లేదంటే రెండు గుడ్లు గిలకొట్టి పలచటి ఆమ్లెట్ వేసి, మైక్రోవేవ్‌లో బాగా వేడి చేసిన నూడుల్స్ మధ్యలో పెట్టి మడిచేసి పైన కొంచెం కెచప్ వేయండి. ఫ్రిజ్‌లో పెట్టింది మర్నాటి దాకా బాగుంటుంది, మళ్ళీ వేడి చేసేటప్పుడు ఒక స్పూన్ నీళ్ళు చిలకరించి మూత పెట్టండి.