అవుట్‌బోర్డ్ మోటారు సంరక్షణ – 4వ పాఠం: గేర్‌బాక్స్‌లో దాగిన నీరు

గత పాఠంలో తప్పు నాదే. చలికాలానికి పక్కన పెట్టే ముందు అవుట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే మోటారు) లోపల చల్లబరిచే నీరు తిరిగే దారులను మంచినీటితో కడిగి, మోటారును నిలువుగా ఉంచమన్నాను. ఎంతకాలం అన్నది రాయలేదు. చాలామంది పది నిమిషాలు నిలబెట్టి, నీరు కారడం ఆగగానే మళ్లీ పైకి లేపి కట్టేశారు. చలికాలం పూర్తయ్యేదాకా నిలువుగానే ఉండాలి. పైకి లేపిన మోటారులో, పొగ బయటకు పోయే ప్రొపెల్లర్ నడిమి బోలు ఆకాశం వైపు తిరిగి దోసిలిలా మారుతుంది. వాన నీరు, కరిగిన మంచు అందులో చేరి గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పోత అల్యూమినియం సాగదు, పగులుతుంది.

యాంటీఫ్రీజ్ (నీరు గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఎక్కడ పోయాలని కూడా అడిగారు. చాలా అవుట్‌బోర్డ్‌లకు అక్కర్లేదు. నిలబెడితే చల్లబరిచే నీరు తనంతట తానే దిగిపోతుంది. యాంటీఫ్రీజ్ పోయడం పడవ లోపల అమర్చే ఇంజన్ల అలవాటు.

తనంతట తాను దిగనిది గేర్‌బాక్స్‌లో (ప్రొపెల్లర్‌ను తిప్పే పళ్లచక్రాలు నూనెలో ఉండే అడుగు పెట్టెలో) చేరిన నీరు. ప్రొపెల్లర్ వెనక గాలపు దారం చుట్టుకుంటే సీలు (ఇరుసు చుట్టూ నీటిని ఆపే రబ్బరు వలయం) కోసుకుపోయి నీరు లోపలికి వస్తుంది. నీరు నూనె కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. అందుకే ముందు గేర్‌బాక్స్ కింది ప్లగ్గు (నూనె రంధ్రాన్ని మూసే మర) కొద్దిగా వదులు చేసి, తొలి చుక్కలు చూడండి. విడి నీరు వచ్చినా, నూనె పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నా సీలు మార్చాల్సిందే. కొత్త నూనె ఆ రోగాన్ని కప్పిపెడుతుంది, అంతే. తర్వాత పై ప్లగ్గూ తీసి మొత్తం దించండి. కొన్ని పాత మోటార్లలో పక్కనే ఉండే నక్షత్రపు తల మర గేర్లు మార్చే భాగాన్ని పట్టి ఉంచుతుంది. దాని జోలికి పోవద్దు.

ఇక నన్ను విసిగించే తప్పు: పై రంధ్రంలోంచి నూనె పోయడం. కిందికి దిగే నూనె, పైకి రావాల్సిన గాలి ఒకే ఇరుకు రంధ్రంలో తోసుకుంటాయి. గాలి లోపలే చిక్కుకుంటుంది. నిండిందనుకుంటారు, నిండదు. ఒకే రంధ్రం పొడిచిన నూనె డబ్బా ఎలా ఎక్కిళ్లు పెడుతుందో చూశారుగా! పంపుతో కింది రంధ్రంలోంచే ఎక్కించండి. పై రంధ్రంలో బుడగలు లేకుండా నూనె పొర్లేదాకా ఆపవద్దు. పంపు అలాగే ఉంచి ముందు పై ప్లగ్గు బిగించాలి. ఆ తర్వాతే పంపు తీసి కింది ప్లగ్గు. స్ట్రా పైకొనను వేలితో మూస్తే లోపలి నీరు కారదు కదా, ఇదీ అంతే. క్రమం తారుమారైతే మీరు ఎక్కించిన నూనె మీ చెప్పుల మీద ఉంటుంది.

ప్లగ్గుల కింద వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేస్తాను. పాతవి దాచుకునేవారి లెక్క నాకు అంతుబట్టదు.

అభ్యాసం: దించిన నూనెను గాజు సీసాలో రాత్రంతా ఉంచి అడుగు చూడండి. ఎక్కించిన నూనెను కొలిచి, మోటారు పుస్తకంలో రాసిన పరిమాణంతో పోల్చండి. తక్కువ పట్టిందా? గాలి మిగిలింది. మొత్తం దించి మళ్లీ మొదలుపెట్టండి. వచ్చే పాఠం ఇంధనం గురించి. అప్పటిదాకా ట్యాంకు ముట్టుకోకండి.