ఇంటి దగ్గరే కారు పని – 4వ పాఠం: చెయ్యి పట్టని చోట స్పార్క్ ప్లగ్ మార్చడం

పోయిన పాఠంలో మీ ఇంజిన్‌కు ఏ ప్లగ్ పడుతుందో మాన్యువల్ చూసి రాసిపెట్టుకోమన్నాను. మర సైజు, మర పొడవు, హీట్ రేంజ్ (ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పేది), గ్యాప్ (ముక్కు దగ్గర నిప్పురవ్వ దూకే సందు) – ఈ నాలుగూ కాగితం మీద ఉంటే ఇవాళ్టి పాఠం మొదలుపెట్టండి. లేకపోతే ముందు ఆ పని చూసుకుని రండి. హీట్ రేంజ్ గురించి ఒక్క మాట మళ్లీ చెబుతాను, చాలామంది తడబడేది అక్కడే. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌ల మీద అంకె పెరిగే కొద్దీ ప్లగ్ ‘చల్లనిది’, అంటే వేడిని త్వరగా వదిలేది, అవుతుంది. బాష్, ఛాంపియన్ ప్లగ్‌లలో అంకె పెరిగితే ‘వేడిది’, అంటే వేడిని నెమ్మదిగా వదిలేది, అవుతుంది. ఒక కంపెనీ అంకె పట్టుకుని ఇంకో కంపెనీ ప్లగ్ కొంటే మొత్తం తలకిందులవుతుంది.

ప్లగ్ ఎలా మార్చాలని ఎవరిని అడిగినా ‘పాతది విప్పు, కొత్తది పెట్టు, బిగించు’ అంటారు. బానెట్ ఎత్తగానే ప్లగ్‌లన్నీ ఎదురుగా కనిపించే ఇంజిన్‌లో అది నిజమే. ఇరుకు ఇంజిన్‌లో చెయ్యి ఎలాగోలా దూరుతుంది, కన్నే దూరదు. చూడకుండా చేసే పని కాబట్టి వేళ్లకు ఏం తెలుస్తోందో గమనించడం నేర్చుకోవాలి. ఈ పాఠమంతా దాని గురించే.

ముందు మీ ఇరుకు ఏ రకమో చూసుకోండి. ఇప్పటి పెట్రోల్ కార్లలో ఎక్కువగా కనిపించేది బావి రకం. ప్లగ్ పైకి కనిపించదు, వాల్వ్ కవర్ (ఇంజిన్ పై మూత) మధ్యలోంచి దిగే గొట్టం అడుగున ఉంటుంది. పైనంతా ఖాళీగా ఉంటే ఇది సులువే. ఆ బావి నోటి పైకి వైపర్ల కింది పలక వచ్చి కూర్చుంటే పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్ నిలువుగా దిగదు. దానికి చిట్కా ఉంది: ముందు సాకెట్‌ను, దానికి తగిలించిన పొట్టి ఎక్స్‌టెన్షన్‌ను బావిలోకి దించండి. దాని తల బయట కనిపిస్తుండగానే రెండో ఎక్స్‌టెన్షన్ తగిలించండి, ఆపైన రాట్చెట్ (తిప్పే పిడి). తీసేటప్పుడు కూడా ముక్కలుముక్కలుగానే తీయాలి. అందుకే ఒక్క పొడుగు రాడ్ కంటే 75, 150 మిల్లీమీటర్ల రాడ్‌లు రెండు ఉంటే మేలు.

ఇంకో రకం అడ్డంగా కూర్చోబెట్టిన వీ6 ఇంజిన్. వెనక వరుస మూడు ప్లగ్‌లూ క్యాబిన్ గోడకు ఆనుకుని ఉంటాయి. చాలా మోడళ్లలో పైనున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌కు గాలి పంపే గొట్టాల గుత్తి) విప్పితే తప్ప వాటి దగ్గరకు పోలేం. మీకు ఇదే మొదటిసారి అయితే ముందు వరుస మీరు చేసి, వెనక వరుస చేయి తిరిగినవాళ్లకు వదిలేయమంటాను. పౌరుషానికి పోయి మానిఫోల్డ్ విప్పినా, కొత్త గాస్కెట్ చేతిలో ఉంచుకునే విప్పండి. తెరుచుకున్న రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కండి, ఎన్ని గుడ్డలు కుక్కారో లెక్క రాసుకోండి. ఒక్క గుడ్డ లోపల మర్చిపోయారంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

పనిముట్ల జాబితా పెద్దదేం కాదు. ప్లగ్ సాకెట్ – ఎక్కువ కార్లకు 16 మిల్లీమీటర్లది, పాతవాటికి 21, కొన్ని కొత్త ఇంజిన్లకు 14. రాట్చెట్, ఎక్స్‌టెన్షన్లు, యూనివర్సల్ జాయింట్, టార్క్ రెంచ్, టార్చి లైటు, పొడుగు పుల్లకున్న అయస్కాంతం, ఇన్సులేషన్ టేపు. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైనది జానెడు రబ్బరు గొట్టం. పెట్రోల్ పైపు ముక్క ఏదైనా పనికొస్తుంది, ప్లగ్ పైభాగానికి బిగుతుగా పట్టేస్తే చాలు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి. రాత్రి ఆపి పొద్దున చేస్తే మంచిది. చెయ్యి కాలుతుందన్నది ఒక్కటే కారణం కాదు. ప్లగ్ బిగుసుకునే హెడ్ (సిలిండర్ల పైభాగం) అల్యూమినియంది, ప్లగ్ ఉక్కుది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. వేడి మీద ప్లగ్ విప్పితే హెడ్‌లోని మరలు ప్లగ్‌తో పాటే చీరుకుని వచ్చేసే ప్రమాదం ఉంది. ప్లగ్ పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు, హెడ్‌లో మర పోతే మాత్రం ఆ బాధే వేరు.

పైనున్న ప్లాస్టిక్ కవర్ తీశాక కాయిల్‌లు కనిపిస్తాయి. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులను ఈ కాయిల్ వేల వోల్టులకు పెంచి ప్లగ్‌కు అందిస్తుంది. కాబట్టి ఇంజిన్ ఆపి, తాళం తీసేశాకే వీటిని ముట్టుకోండి. కాయిల్ కనెక్టర్‌కు చిన్న లాక్ నాలుక ఉంటుంది. ఏళ్ల తరబడి వేడి తిన్న ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే విరుగుతుంది. కనెక్టర్‌ను ముందు కాస్త లోపలికి నెట్టండి, అప్పుడు నాలుక మీద బిగువు తగ్గుతుంది. బొటనవేలితో నొక్కి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. వైరు పట్టుకుని లాగకండి. కాయిల్ బోల్టు చాలా కార్లలో 10 మిల్లీమీటర్లది. చివరి రెండు చుట్లు అయస్కాంతం ఆనించి తిప్పండి, లేకపోతే అది ఎక్కడ పడుతుందో వెతకడానికే ఒక పూట పోతుంది.

కాయిల్‌ను నిలువుగా ఒకేసారి పీకకూడదు. కింది రబ్బరు బూట్ ప్లగ్‌కు అతుక్కుని ఉంటుంది. కుడికి ఎడమకి కొద్దిగా మెలితిప్పితే ‘చప్’మని వదులుతుంది, అప్పుడు ఎత్తండి. మీది కాయిల్‌కు బదులు పొడుగు ప్లగ్ వైర్లున్న పాత కారైతే ఒక్కో వైరే తీసి, ఒక్కో ప్లగ్గే మార్చండి. నాలుగూ ఒకేసారి పీకి, ఏది దేనిదో తెలియక బిగిస్తే ఇంజిన్ నత్తినత్తిగా కొట్టుకుంటుంది. ఎక్కువ నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2. అది తెలిసినా సరే, ఒక్కొక్కటిగానే చేయండి.

ఇప్పుడు బావిలోకి టార్చి వేసి చూడండి. దుమ్ము, ఇసుక ఉంటే ప్లగ్ విప్పిన మరుక్షణం నేరుగా సిలిండర్‌లోకి రాలుతుంది. ప్లగ్‌ను పావు చుట్టు మాత్రం వదులు చేసి ఆపండి, గాలి కొట్టండి, తర్వాత పూర్తిగా విప్పండి. ముందే గాలి కొడితే పోదా అంటారేమో. వాషర్ చుట్టూ ఇరుక్కున్న ఇసుక ప్లగ్ కదిలితేనే వదులుతుంది. గాలి కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, దుమ్మంతా మీ మొహం మీదకే వస్తుంది.

దుమ్ము బదులు నూనె కనిపిస్తే వాల్వ్ కవర్ సీల్ కారుతోందని అర్థం. పుల్లకు గుడ్డ చుట్టి ఆ నూనె అద్దేసిన తర్వాతే ప్లగ్ విప్పండి. సీల్ కూడా త్వరలో మార్చాలి. నూనెలో నానిన బూట్ రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది, కొత్త ప్లగ్ వేసినా మళ్లీ మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం) మొదలవుతుంది.

విప్పేటప్పుడు సాకెట్ నిటారుగా ఉండాలి. పక్కకు ఒరిగితే లోపలి పింగాణీ చిట్లుతుంది. మొదటి బిగువు ‘టక్’మని వదలడం మామూలే, కంగారు పడకండి. వదిలాక కూడా ప్రతి చుట్టూ కీచుమంటూ బరువుగా తిరుగుతుంటే మాత్రం ఆపండి. మరల్లో కార్బన్ పట్టింది. తుప్పు వదిలించే నూనె కాస్త పోసి, ఒక గంట ఆగి, అర చుట్టు విప్పే వైపు, పావు చుట్టు బిగించే వైపు ఆడిస్తూ తీయండి. యూనివర్సల్ జాయింట్ వాడాల్సి వస్తే దాని కీలు చుట్టూ రెండు మూడు వరసలు టేపు వేయండి. అవసరమైనంత వంగుతుంది, బావిలో తలవాల్చేయదు.

టేపు గురించి ఇంకో మాట. మొదట్లో ఒకసారి కొత్త ప్లగ్ బిగించి రాడ్ పైకి లాగితే రాడ్ ఒక్కటే వచ్చింది. సాకెట్ ప్లగ్‌ను పట్టుకుని బావి అడుగునే కూర్చుంది. సాకెట్ లోపలి రబ్బరు ప్లగ్‌ను పట్టిన పట్టు, రాడ్ చివరి గుండు సాకెట్‌ను పట్టిన పట్టుకంటే ఎక్కువ. దాన్ని పైకి తేవడానికి ప్లగ్ మార్చినదానికంటే ఎక్కువసేపు పట్టింది. అప్పటి నుంచి సాకెట్, రాడ్ కలిసే చోట రెండు చుట్లు టేపు వేయనిదే బావిలోకి దించను. అయస్కాంతం ఉన్న సాకెట్ దొరికితే ఈ గొడవే ఉండదు.

కొత్త ప్లగ్ పెట్టేముందు గ్యాప్ చూడండి. సాధారణంగా 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ కాగితం మీద రాసుకున్నదే లెక్క. ఇరిడియం ప్లగ్ మధ్య ముల్లు కొన్నిటిలో 0.4, కొన్నిటిలో 0.6 మిల్లీమీటర్ల సన్నం. దాని మీద గేజ్ ఆనించి ఎత్తకండి, విరుగుతుంది. సరిచేయక తప్పకపోతే పక్క కొమ్మునే వంచాలి. చేయి జారి నేల మీద పడ్డ ప్లగ్‌ను వాడకండి. పింగాణీలో పడ్డ వెంట్రుకవాసి పగులు కంటికి కనిపించదు.

ఇక రబ్బరు గొట్టం. ప్లగ్ తలకు గొట్టం తొడిగి, వేళ్లతో పట్టుకుని బావిలోకి దించండి. అడుగు తగలగానే ముందు వెనక్కి, అంటే విప్పే వైపు, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట ప్లగ్ చిన్నగా ‘టిక్’మని కిందికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. మర నోరు దొరికిందన్నమాట. అక్కడి నుంచి బిగించే వైపు తిప్పండి. మర సరిగ్గా పడితే వెన్నలో తిరిగినట్టు తిరుగుతుంది. అడ్డంగా పడితే గొట్టం ప్లగ్ తల మీద జారిపోతుంది, ఎంత తిప్పినా ప్లగ్ తిరగదు. గొట్టం వాడేది అందుకే. అదే రాట్చెట్ అయితే మీకు తెలియకుండానే తప్పుడు మరను కోసుకుంటూ పోతుంది.

చుట్లు లెక్కపెట్టండి. 14 మిల్లీమీటర్ల ప్లగ్ ఒక్క చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు దిగుతుంది. మర పొడవు 19 మిల్లీమీటర్లైతే, మరలు పొడవంతా ఉంటే, అడుగంటడానికి సుమారు 15 చుట్లు పడాలి. మూడు నాలుగు చుట్లకే గట్టిపడిందంటే మర తప్పినట్టే. బలవంతం చేయకుండా వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కో ప్లగ్‌కు ఐదారుసార్లు మొదలుపెట్టాల్సి రావచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

వేళ్లతో పూర్తిగా కూర్చున్నాకే రెంచ్ తీయాలి. వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కు అల్యూమినియం హెడ్‌లో మామూలుగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20. మీ మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించండి. టార్క్ రెంచ్ లేకపోతే, 14 మిల్లీమీటర్ల ప్లగ్ కొత్త వాషర్‌తో ఉంటే చేతి బిగువు తర్వాత అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పండి. ఇప్పటికే నలిగిన పాత వాషర్‌తో మళ్లీ పెడుతుంటే పన్నెండో వంతు చుట్టు చాలు. వాషర్ లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే ప్లగ్‌కైతే పదహారో వంతు, అంటే కదిలీ కదలనట్టు. ప్లగ్ వేడి హెడ్‌లోకి పోయేది ఈ బిగువైన ఆనిక గుండానే. వదులుగా ఉంటే ప్లగ్ మాడిపోతుంది, అతిగా బిగిస్తే దాని ఒళ్లు సాగి విరుగుతుంది.

మరలకు గ్రీజు రాయాలా అని చాలామంది అడుగుతారు. కొత్త ప్లగ్‌ల మరలకు పూత ఉంటుంది, అక్కర్లేదు. రాస్తే మర జారుడుగా తిరిగి, రెంచ్ అదే అంకె చూపిస్తున్నా ప్లగ్ మాత్రం అతిగా బిగుస్తుంది. గ్రీజు రాయాల్సింది కాయిల్ బూట్ లోపలి అంచుకు, అది కూడా కరెంటుకు పనికొచ్చే సిలికాన్ గ్రీజు పెసరగింజంత. బూట్ దిగేటప్పుడు చివర్లో ఒక పట్టు తెలుస్తుంది, అంతవరకూ నొక్కండి. కాయిల్ బోల్టు చిన్నది, దాని మీద బలం చూపించకండి. కనెక్టర్ ‘క్లిక్’మనాలి.

స్టార్ట్ చేశాక ఇంజిన్ వణికితే టెన్షన్ పడకండి. నూటికి తొంభైసార్లు కనెక్టర్ సరిగా కూర్చోకపోవడమే కారణం. కారు లోపాల కోడ్ చదివే స్కానర్ ఉంటే, పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్ అవుతోందని, పీ0300 అయితే ఫలానా సిలిండర్ అని చెప్పలేనట్టుగా మిస్ అవుతోందని. ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం వెంటనే ఆపేయండి. కాలని పెట్రోల్ పొగగొట్టంలోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది.

ఈ వారం అభ్యాసం: అన్నిటికంటే సులువుగా అందే సిలిండర్‌తో మొదలుపెట్టండి. దాని పాత ప్లగ్ విప్పి, గొట్టంతో కళ్లు మూసుకుని మూడుసార్లు ఎక్కించి దించండి. ఆ ‘టిక్’ మూడుసార్లూ వేళ్లకు దొరికితేనే కొత్త ప్లగ్ తీయండి. అందని సిలిండర్‌ను చివరికి ఉంచండి, అప్పటికి చేతికి కాస్త పని వచ్చి ఉంటుంది. తీసిన పాత ప్లగ్‌లను తుడవకండి. ఏ సిలిండర్‌దో టేపు మీద రాసి అంటించి, అలాగే పెట్టెలో దాచండి. వాటి ముక్కు మీది రంగు చూసి ఇంజిన్ ఆరోగ్యం చెప్పడం 5వ పాఠంలో చేద్దాం, అప్పుడు అవి చేతిలో ఉండాలి.