రోహిణి కార్తెలోనే పాత కారు బానెట్ ఎత్తండి

2022 జూలై వరదల్లో ఒక రాత్రి మా అత్తయ్యకు ఆయాసం ఎక్కువైంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. అమలాపురం వెళ్లే రోడ్డు ఇంకా మునగలేదు. నాన్న వాడిన అంబాసిడర్ షెడ్డులోనే ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. ఆ కంగారులో చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) పూర్తిగా లాగి కొడుతూనే ఉన్నాను. పది నిమిషాల్లో బ్యాటరీ అయిపోయింది. పక్కింటి వాళ్ల ఆటో దొరికింది కాబట్టి అత్తయ్యను సమయానికి చేర్చగలిగాం. తెల్లారాక చూస్తే, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కప్పు లోపల సన్నటి చెమ్మ, అంతే. పొడి గుడ్డతో తుడిస్తే పోయేది.

కోనసీమలో ఇంకా చాలా ఇళ్లలో కార్బొరేటర్ బండ్లు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే పాత పద్ధతి బండ్లు, ఉన్నాయి. అంబాసిడర్, పద్మిని, పాత మారుతి 800. వానాకాలంలో అవి మొరాయిస్తే తప్పు బండిది కాదు, ముందుగా చూసుకోని మనది. మృగశిర వచ్చి చినుకులు మొదలయ్యాక చేసే పని కాదిది. రోహిణి కార్తెలో, అంటే మే 25 నుంచి జూన్ మొదటి వారం లోపు, ఎండ బాగా కాస్తున్నప్పుడే ఒక పూట దీనికి కేటాయించండి.

మొదట చూడాల్సింది కరెంటు. వానాకాలంలో స్టార్ట్ కాని పాత బండ్లలో ఎక్కువ శాతం నేను చూసింది ఈ జబ్బే. డిస్ట్రిబ్యూటర్ కప్పు క్లిప్పులు తీసి, కప్పును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. లోపల వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తే ఆ కప్పు మార్చాల్సిందే. పొడి రోజుల్లో పనిచేస్తుంది, చెమ్మ తగలగానే కరెంటు ఆ గీత వెంబడే పారిపోతుంది. కాయిల్ నుంచి, కప్పు నుంచి ప్లగ్గులకు వెళ్లే వైర్లను పరీక్షించడానికి ఒక మంచి పద్ధతి ఉంది. రాత్రి చీకట్లో ఇంజన్ నడుపుతూ బానెట్ ఎత్తి, కాస్త దూరంగా నిలబడి చూడండి. వైర్ల మీద నీలంగా మెరుపులు పాకుతుంటే అవి పాడైపోయినట్టు. ఆ సమయంలో వైరు మీద చెయ్యి వేయకండి, అందులో వేల వోల్టులు ఉంటాయి.

డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) ఉన్న బండి అయితే వాటి ముఖాలు నల్లబడ్డాయేమో చూసి శుభ్రం చేయించి, గ్యాప్ పెట్టించండి. అంబాసిడర్‌కు సుమారు 0.4 మిల్లీమీటర్లు. ప్లగ్గుల గ్యాప్ 0.6 నుంచి 0.7 మధ్య. పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు లేవకుండా కాపాడే కండెన్సర్ బలహీనపడితే పాయింట్లు త్వరగా కాలిపోతాయి, కాబట్టి రెండూ ఒకేసారి మార్చడం మేలు. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకంటే ముందే ఆగింది. వరద వచ్చిన రోజు ఊళ్లో కండెన్సర్ దొరకదు. ఒక కండెన్సర్, ఒక రోటర్ (కప్పు లోపల తిరిగే ముక్క), ఒక కప్పు, పెట్రోలు పంపు డయాఫ్రం (పంపు లోపలి పొర) ఇప్పుడే కొని డిక్కీలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి.

బ్యాటరీ గురించి ఒక్క మాట. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లకు తెలుసు, ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చగా పూస్తాయి. వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరాక వ్యాజిలిన్ రాయండి. ఇంజన్‌ను బాడీకి కలిపే ఎర్త్ పట్టీని చాలామంది చూడరు. అది తుప్పు పడితే కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ నీరసంగానే తిరుగుతుంది.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ పాత బండ్లు తయారైనప్పుడు దాని లెక్క లేదు. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. ఆ అడుగు నీళ్లే ముందుగా కార్బొరేటర్‌కు వెళతాయి. పాత రబ్బరు పైపులనూ, పంపు డయాఫ్రాన్నీ కూడా ఇథనాల్ మెత్తబరుస్తుంది. పైపులు చేత్తో నొక్కి చూసి, పగిలినా బంకలా ఉన్నా మార్చేయండి. వానాకాలమంతా ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టే జాగా తగ్గుతుంది. అనుమానం వస్తే గాజు సీసాలో కొంచెం పెట్రోలు పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. నీరుంటే అడుగున వేరుగా కనిపిస్తుంది.

షెడ్డులో నెలల తరబడి నిలిపిన బండికి ఇంకో బెడద ఎలుకలు. దాళ్వా కోతలు అయ్యాక పొలాల్లో తిండి దొరక్క అవి ఇళ్లకు చేరతాయి. మా బండి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఒకసారి దోసెడు కొబ్బరి పీచు దొరికింది. వైర్లు కొరికేసి ఉంటాయి, తప్పకుండా చూడండి. వారానికి ఒకసారి స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు నడపండి. రెండు నిమిషాలు తిప్పి ఆపేస్తే బ్యాటరీకి నష్టమే. ఇదంతా షెడ్డు తలుపులు బార్లా తీసి చేయాలి. వాన పడుతోందని తలుపులు మూసి ఇంజన్ నడిపితే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా మనిషిని చంపుతుంది.

ఇన్ని చేసినా ఒక తడి ఉదయం బండి స్టార్ట్ కాకపోవచ్చు. అప్పుడు చేయకూడని పని, నేను ఆ రాత్రి చేసిన పని. ఒక్కసారికి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి. నిమిషం ఆగండి. మూడుసార్లలో అందుకోకపోతే తాళం తీసేసి బానెట్ ఎత్తండి. ఎత్తే ముందు బానెట్ మీద గట్టిగా చరచండి, టార్చి వేసి చూడండి. వరద రోజుల్లో కట్లపాములు, రక్తపింజర్లు వెచ్చటి పొడి చోటు వెతుక్కుంటూ ఇంజన్ పక్కకు చేరతాయి.

మొదట వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఓవర్‌ఫ్లో అయింది, అంటే ఇంజన్‌లోకి పెట్రోలు మోతాదు మించి పోయింది. చోక్ పూర్తిగా లోపలికి నెట్టేసి, పావుగంట ఆగి, యాక్సిలరేటర్ నేల దాకా తొక్కి పట్టుకుని అయిదారు సెకన్లు కొట్టండి. పంపు కొట్టినట్టు పదే పదే తొక్కకూడదు, ఇంకా పోసినట్టవుతుంది. వాసన అసలు లేకపోతే పెట్రోలు రావడం లేదేమో చూడాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి, తాళం ఆఫ్‌లో ఉంచి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లింకును చేత్తో కదపండి. కార్బొరేటర్ సోలెక్స్ రకం అయితే సన్నటి ధార చిమ్మాలి. ఎస్‌యూ రకం కార్బొరేటర్‌లో ఆ ధార ఉండదు, దానికి ఫ్లోట్ చాంబర్ (పెట్రోలు నిలిచే గిన్నె) మూత తీసి చూడాలి. చుట్టుపక్కల బీడీ, దీపం ఏదీ ఉండకూడదు. కార్బొరేటర్ మూతిలో పెట్రోలు పోస్తూ సెల్ఫ్ కొట్టే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. దయచేసి మానండి. ఇంజన్ ఒకసారి ఎదురు తన్నితే మంట పైకి లేచి ముఖం కాలుతుంది.

పెట్రోలు బాగానే ఉంటే ఇక మిగిలింది కరెంటే. కప్పు తీసి లోపల, బయట పొడి నూలు గుడ్డతో తుడవండి, రోటర్ కూడా. వైర్ల మూతులు ఒక్కొక్కటే తీసి తుడిచి అదే చోట పెట్టండి. వరుస తారుమారైతే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే. అంబాసిడర్ ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే వరుస, 1-3-4-2, మారుతి 800 మూడు సిలిండర్ల బండి కాబట్టి 1-3-2.

తోసి స్టార్ట్ చేయాలనుకుంటే చోటు చూసుకోండి. కాలువ గట్టు మీద, ఏటిగట్టు మీద వద్దు. తడి మట్టిలో తోసేవాళ్ల కాలు జారినా, బండి ఒక్కసారిగా అందుకుని పక్కకు లాగినా కాలువే దిక్కు. కాస్త పొడవుగా చదునుగా ఉన్న రోడ్డు మీదకు తెచ్చి, సెకండ్ గేరులో తోయించండి.

వరద వార్తలు వినండి. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందంటే, ఆ నీరు మన వైపు బయలుదేరినట్టే. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక గ్రామాల వాళ్లు భద్రాచలం మాట వినగానే బండిని మెరక మీదకు చేర్చాలి. కొబ్బరి చెట్ల కింద మాత్రం పెట్టకండి. కనకాయలంక కాజ్‌వే లాంటి చోట నీరు పారుతుంటే ఎంత లోతో అంచనా వేయకండి, దిగకండి. చిన్న గుంటలో నీళ్లు చిమ్మినా ఫ్యాను ఆ నీటిని తిన్నగా డిస్ట్రిబ్యూటర్ మీదకు చల్లుతుంది.

బండి నీట మునిగితే, నీరు తగ్గాక ప్లగ్గులు ఊడదీసేదాకా సెల్ఫ్ జోలికి అసలు వెళ్లకండి. సిలిండర్‌లో నీరు నిలిచి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. నూనె కడ్డీ బయటికి తీసి చూడండి. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇంజన్‌లోకి నీరు చేరింది. ఆ నూనె పారబోసి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోయాలి. ట్యాంకు, ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేసి కడిగి, ఆ పెట్రోలు డబ్బాను దూరంగా పెట్టాలి. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయాలి. తర్వాత ప్లగ్గులన్నీ ఊడదీసి, బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి ఇంజన్ తిప్పితే నీరు ఆ రంధ్రాల గుండా చిమ్ముకొస్తుంది. అన్నీ ఆరాక ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. ఒక గంట నడిచాక ఆ కొత్త నూనె కూడా మరోసారి మార్చండి, మొదటి దాంతో చెమ్మంతా పోదు.