రెండో బ్యాటరీ బ్రాకెట్ మళ్లీ పగిలిందా? వెల్డింగ్ మిషన్ కాసేపు ఆపండి

ఊరేగింపు సౌండు బండి, అంబులెన్సు, చేపల ఐసు బండి. బానెట్ కింద ఇనుప బ్రాకెట్ (అంటే ట్రే, దాని కాళ్లు) మీద రెండో బ్యాటరీ కట్టించుకున్న ఇలాంటి బళ్లు షెడ్డుకి తిరిగొచ్చినప్పుడు మాట ఒకటే: "బ్రాకెట్ విరిగింది మేస్త్రీ, ఈసారి దళసరి ప్లేటు వెయ్యండి."

వెయ్యకండి. ముందు బానెట్ ఎత్తి, బ్యాటరీని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపండి. అర నిమిషం పని. ఇది చెయ్యకుండానే వెల్డింగ్ హోల్డర్ అందుకునేవాళ్లే ఎక్కువ. బ్యాటరీ ఒక్కటే ట్రేలో కదిలితే తప్పు పై క్లాంపుది. ట్రేతో సహా కదిలితే బోల్టులు వదులయ్యాయి, లేదా బోల్టు చుట్టూ బాడీ రేకు లొట్టపోయింది. ఏదీ కదలదు, పగులు మాత్రం ఉంది అంటే కింది భాగం మీకోసమే.

వెల్డు పక్కనే పగులు, అతికిస్తే మళ్లీ అక్కడే

ఎవరికైనా మొదట తట్టేది బరువు. 65, 70 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ 16 నుంచి 18 కిలోలు తూగుతుంది. 3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు ట్రే, 25 బై 25 బై 3 యాంగ్లరు (ఎల్ ఆకారపు ఇనుము) కాళ్లు, నాలుగు ఎం8 (8 మి.మీ.) బోల్టులు సరిగ్గా పడితే ఆ బరువు ఒక లెక్క కాదు, గుంతలో పడి రెండు మూడింతలైనా సరే. 5 మి.మీ. ప్లేటు వేసినా అదే చోట పగిలిందంటే బ్రాకెట్‌ని విరుస్తున్నది బ్యాటరీ కాదు, బండే.

బోలెరో లాంటి బండికి చాసిస్ వేరు, బాడీ వేరు. మధ్యలో రబ్బరు మౌంట్లు. గతుకులో చాసిస్ ఒకలా మెలిపడుతుంది, బాడీ మరోలా ఊగుతుంది. ట్రేకి రెండు కాళ్లు లోపలి యాప్రాన్ (ఇంజిన్ పక్కన చక్రం మీదుండే బాడీ రేకు) మీద బిగించి, "సపోర్టు ఉంటుంది" అని మూడో కాలు కిందనున్న చాసిస్ మీదకి దింపితే, రబ్బరు తీసుకోవాల్సిన కదలికంతా బ్రాకెట్ మీద పడుతుంది. కట్టుతీగని ఇటూ అటూ వంచి తెంపుతాం కదా, అలాగే తెగుతుంది. తెగేది వెల్డు గీత ముగిసే చోట. దళసరి ఉన్నట్టుండి మారేది అక్కడే, వేడికి ఇనుము గుణం మారేదీ అక్కడే.

దళసరి ప్లేటు మోసం కూడా ఇదే. బండి కదలిక తగ్గదు. బ్రాకెట్ బిర్రైన కొద్దీ కాళ్ల దగ్గర గుంజుడు పెరుగుతుంది. బ్రాకెట్ బతికిపోయి, ఈసారి మిల్లీమీటరు మందం కూడా లేని యాప్రాన్ రేకు చిరుగుతుంది. రెండు రాడ్లతో పోయే పని టింకరింగు, పెయింటుదాకా వెళ్తుంది.

చదునైన హైవే మీద నెలల తరబడి ఏమీ తెలీదు. విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా ఘాట్ ఎక్కే బండికీ, మట్టిదారుల్లో ఊళ్లు తిరిగే బండికీ త్వరగా బయటపడుతుంది. ఓనరు డ్రైవర్ని తిడతాడు. పాపం, అతను చేసిందేమీ లేదు.

పాత బ్రాకెట్ పారెయ్యకుండా చూడండి. బోల్టు రంధ్రాలు కోలగా సాగాయా? ఒక్క కాలి కిందే పెయింటు అరిగి ఇనుము మెరుస్తోందా? పగులు ప్లేటుకి రెండు ముఖాల నుంచీ మొదలైందా? ఒట్టి బరువుకి సాధారణంగా ఒక ముఖం నుంచే తెరుచుకుంటుంది. రెండు వైపులా ఉంటే ఇటూ అటూ వంగినట్టే.

ఇంకా అనుమానముంటే కొలవండి. బ్రాకెట్ తీసేసి, కాళ్లు కూర్చునే చోట్ల సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి, వాటి మధ్య దూరం రాసుకోండి. ముందు ఎడమ చక్రాన్ని, వెనక కుడి చక్రాన్ని 150 మి.మీ. చెక్క దిమ్మల మీదకి ఎక్కించండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, మిగతా చక్రాలకి అడ్డు పెట్టాకే మళ్లీ కొలవండి. నిలబడ్డ బండిలోనే 1 మి.మీ. తేడా వచ్చిందంటే పరుగులో అంతకు మించే వస్తుంది. ఆ రెండు చుక్కల్నీ ఇనుముతో కలపకూడదు.

చాసిస్ వేరుగా లేని కార్లలోనూ ఇదే తప్పు వేరే వేషంలో వస్తుంది: ఒక కాలు యాప్రాన్ మీద, ఇంకోటి బోల్టులతో ఊడొచ్చే రేడియేటర్ సపోర్టు మీద. బయటి మడ్‌గార్డు రేకు మీద బరువు పెట్టడమైతే అసలు వద్దు. ఇంజిన్‌కి కాలు వేసేవాళ్లూ ఉన్నారు. డీజిల్ ఇంజిన్ ఆపేటప్పుడు ఎంత ఊగుతుందో ఒక్కసారి చూస్తే ఆ ఆలోచన పోతుంది.

పరిష్కారం ఒక్కటే, కాళ్లన్నీ ఒకే వైపు ఉండాలి. బాడీ అంటే అన్నీ బాడీకే: రెండు యాప్రాన్‌కి, ఒకటి వెనక ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు. యాప్రాన్‌కి వెల్డు పెట్టకండి, పల్చటి రేకు కాలి బొక్క పడుతుంది. వెనక నుంచి 50 బై 50, 3 మి.మీ. ప్లేటు పెట్టి, ఎం8 8.8 గ్రేడు బోల్టు, నైలాక్ (లోపల నైలాన్ రింగున్న) నట్టుతో 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు బిగిస్తే చాలు. బ్రేక్ మాస్టర్ సిలిండర్, సస్పెన్షన్ టవర్ నట్ల కింద కాలు దూర్చొద్దు.

చాసిస్ అంటే మొత్తం చాసిస్‌కే, బాడీకి చుట్టూ 25 మి.మీ. ఖాళీ వదిలి. చాసిస్‌కి వెల్డు వద్దు, పై అంచుకీ కింది అంచుకీ డ్రిల్లు వద్దు. పక్క గోడలో కంపెనీ రంధ్రాలుంటే వాడండి. ఇలా కడితే బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే కేబుల్ కూడా ఊగాలి, కాబట్టి ఒక చుట్టంత వదులుంచండి.

మూడో కాలు అవతలి వైపు పడక తప్పదంటే అక్కడ రేడియేటర్ మౌంట్ లాంటి రబ్బరు బుష్, లోపల ఇనుప స్లీవు. స్లీవు లేకపోతే బోల్టు బిగించే కొద్దీ రబ్బరు నలిగి రాయవుతుంది, మళ్లీ మొదటికే.

దీని తమ్ముడొకడున్నాడు. ఒక కాలికీ బాడీకీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు, దాన్ని బోల్టుతోనే లాగి మూసెయ్యడం. బండి కదలకముందే బ్రాకెట్ గుంజుకుని ఉంటుంది. బోల్టులు ఒక్కొక్కటే వదులు చేస్తుంటే చివరిది తీయగానే రంధ్రం పక్కకి జరిగిందా, అదే. సందుని వాషర్లతో నింపి బిగించండి.

కొత్తది చేసేటప్పుడు ముందు అట్టతో నమూనా కోసుకోండి. బండి మీద టక్ (చుక్క వెల్డు) పెట్టాల్సి వస్తే రెండు బ్యాటరీలూ దించి దూరంగా పెట్టాలి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు. 3 మి.మీ. ప్లేటుకి 2.5 మి.మీ. రాడ్డు, 70 నుంచి 80 ఆంపియర్లు. లోపలి మూలలు గుండ్రంగా కోయండి. పాత బ్రాకెట్‌తోనే నాలుగు రోజులు నెట్టాలంటే పగులు కొసన 3 మి.మీ. రంధ్రం కొట్టాకే అతికించండి.

రాడ్డు తేమ, ప్లేటు నాసిరకం అంటారు. ఉండొచ్చు, అరుదు. కాళ్లు సరిచూశాకే వాటి సంగతి.

టకటక చప్పుడు, కింద యాసిడ్ చెమ్మ

ట్రేలో 5 మి.మీ. రబ్బరు లేదు, లేదా బోల్టు తల పైకి పొడుచుకుని బ్యాటరీ అడుగుని తింటోంది. తల కిందకి దిగేలా కౌంటర్‌సింక్ చెయ్యండి. పై క్లాంపు బ్యాటరీ ఊగనంత బిగిస్తే చాలు, మూత వంగేదాకా కాదు. కారిన యాసిడ్‌ని వంటసోడా నీళ్లతో కడిగాకే పెయింటు.

బానెట్ కింద నల్లటి మచ్చ

పాజిటివ్ టెర్మినల్ తగులుతోంది. కేబుళ్లు తీసి, టెర్మినల్ మీద గోధుమపిండి ముద్ద పెట్టి, బానెట్ మూసి తెరవండి. ముద్ద 25 మి.మీ. కన్నా పల్చబడితే ట్రే దించాలి. టోపీ తొడిగితే సరిపోదు.

బ్రాకెట్ బాగుంది, రెండో బ్యాటరీ మీద సెల్ఫ్ ఈడుస్తోంది

ఎర్తు బ్రాకెట్ బోల్టుకే ఇచ్చారు, కింద పెయింటు. సెల్ఫ్ కొడుతూ ఆ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.3 వోల్టు దాటితే ఎర్తు కేబుల్ విడిగా లాగాలి. పాజిటివ్ కేబుల్ బ్రాకెట్ అంచుని దాటే చోట రబ్బరు గ్రోమెట్, బ్యాటరీకి జానెడు లోపు ఫ్యూజు ఉన్నాయో లేదో అదే చేత్తో చూసెయ్యండి.

కళింగపట్నం, భావనపాడు వైపు బళ్లకి తుప్పు

ఉప్పుగాలికి ఒట్టి నల్ల పెయింటు ఆగదు. డ్రిల్లు కొట్టాకే, అంటే రంధ్రాల లోపలికి కూడా, రెడాక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు వేసి ఆపైన ఎనామిల్. ట్రే అడుగున 10 మి.మీ. రంధ్రాలు రెండు లేకపోతే నీళ్లు నిలిచి అదంతా వృథా. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింటుతో గీత పెట్టి, 500 కిలోమీటర్లు తిరిగాక చూడండి. గీత తప్పిన నట్టుని మళ్లీ బిగించేముందు ఆ కాలు ఎక్కడ కూర్చుందో చూడండి.