గ్యాస్ టర్బైన్ దహన గదిలో వేడి సమంగా లేకపోతే: సమస్య - పరిష్కారం

సగటు ఉష్ణోగ్రత హద్దులోనే ఉన్నా టర్బైన్ మొదటి వరుస వేన్లు (వాయువును మళ్లించే కదలని రెక్కలు) కాలిపోవచ్చు. వాటిని దెబ్బతీసేది సగటు కాదు, ఎక్కడో ఒకచోట తగిలే అధిక వేడి. దాన్ని కొలిచేది ప్యాటర్న్ ఫ్యాక్టర్: గరిష్ఠం సగటును ఎంత మించిందో, దాన్ని దహన గదిలో సగటున పెరిగిన ఉష్ణోగ్రతతో భాగించగా వచ్చేది. గాలి 700 కెల్విన్ల దగ్గర లోపలికి వచ్చి, సగటున 1500, గరిష్ఠంగా 1700 దగ్గర బయటికి వెళ్తే, 200ను 800తో భాగించాలి: 0.25. ఇది ఎంత తగ్గితే అంత మంచిది.

సమస్య: ఎగ్జాస్ట్‌లో ఒక్క థర్మోకపుల్ (ఉష్ణోగ్రత సెన్సర్) మాత్రమే తేడాగా చూపిస్తోంది.
చాలాసార్లు తప్పు సెన్సర్‌దే. వేడి నిజమైతే పక్క రీడింగులు కూడా కొంత కదులుతాయి. ముందు సెన్సర్, వైరింగ్ చూడండి.

సమస్య: పక్కపక్క రీడింగులు కొన్ని కలిసి తేడా చూపిస్తున్నాయి, లోడ్ మారితే ఆ చోటు జరుగుతోంది.
ఏదో ఒక కంబస్టర్‌లో (దహన గదిలో) ఇంధనం, గాలి పాళ్లు తప్పాయి. ఇంధన నాజిల్ పూడుకుపోవడం, లైనర్ (మంట చుట్టూ ఉండే లోపలి గోడ) పగలడం, సీల్ లీకవడం మామూలు కారణాలు. టర్బైన్‌లో వాయువు మెలితిరుగుతూ వస్తుంది కాబట్టి, తేడా చూపిన థర్మోకపుల్‌కు ఎదురుగా ఉన్న కంబస్టరే దోషి అనుకోవద్దు. ఆ లోడ్‌కు ఎంత కోణం తిరుగుతుందో లెక్కలోకి తీసుకోండి. నాజిళ్లను శుభ్రం చేశాక ఫ్లో టెస్ట్ చేసి, సమానంగా ఇచ్చేవాటినే ఒక సెట్‌గా బిగించాలి.

సమస్య: అన్ని కంబస్టర్లలోనూ మధ్యలో వేడి, గోడల దగ్గర చల్లదనం.
ఇక ఇది డిజైన్ లోపమే. డైల్యూషన్ రంధ్రాల (వేడి వాయువును చల్లబరిచే గాలిని లోపలికి పంపే లైనర్ రంధ్రాల) నుంచి వచ్చే గాలి మధ్యదాకా చేరడం లేదు. మొత్తం వైశాల్యం మార్చకుండా, తక్కువ సంఖ్యలో పెద్ద రంధ్రాలు పెట్టండి. మధ్యలో చల్లగా, గోడల దగ్గర వేడిగా ఉంటే దీనికి తిరగేసి చేయాలి. గుండ్రటి లైనర్‌కు రంధ్రాల సంఖ్యకు మొదటి అంచనా: π × వర్గమూలం(2జె) ÷ 2.5. ఇక్కడ జె అంటే రంధ్రంలోంచి వచ్చే గాలి జెట్‌కూ ప్రధాన ప్రవాహానికీ మధ్య మొమెంటం ఫ్లక్స్ (సాంద్రత × వేగం వర్గం) నిష్పత్తి. జె 25 అయితే సుమారు 9 రంధ్రాలు. రంధ్రాలు కుదించి జెట్ వేగం పెంచినా మిశ్రమం బాగుపడుతుంది కానీ పీడన నష్టం పెరిగి సామర్థ్యం పడిపోతుంది. నా మటుకు నేను ముందు సంఖ్యనే మారుస్తాను.

లీన్ ప్రీమిక్స్ యంత్రాల్లో (ఇంధనాన్ని ఎక్కువ గాలితో ముందే కలిపి మండించేవాటిలో) డైల్యూషన్‌కు మిగిలే గాలే తక్కువ. అక్కడ స్వర్లర్ (గాలిని సుడి తిప్పే భాగం) దగ్గర ఇంధన రంధ్రాల అమరికను సరిచేయాలి.

సమస్య: ప్యాటర్న్ ఫ్యాక్టర్ బాగుంది, అయినా తిరిగే బ్లేడ్లు మొదలు (డిస్క్‌కు అతికే రూట్) దగ్గర సాగుతున్నాయి.
అపకేంద్ర ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే. కింది నుంచి పైకి వేడి ఒకేలా ఉండటం బ్లేడుకు మంచిది కాదు. మొదలు, చివర చల్లగా, సగానికి కాస్త పైన గరిష్ఠంగా ఉండేలా లోపలి, బయటి లైనర్ల మధ్య డైల్యూషన్ గాలి వాటాను మార్చండి. సీఎఫ్‌డీలో (కంప్యూటర్‌పై ప్రవాహ లెక్కల్లో) కుదిరాక పరీక్షా రిగ్‌పై కొలిచి చూడనిదే యంత్రంలో పెట్టకండి.