పెద్దవాళ్ళకు మూత్రంలో ఇన్ఫెక్షన్: ఏ లక్షణానికి ఏం చేయాలి

మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే

"వేడి చేసిందిలే అమ్మా, సబ్జా నీళ్ళు తాగు." బెజవాడ ఎండల్లో ప్రతి ఇంట్లో వినిపించే మాటే ఇది. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మండడం నిజమే. కానీ అరవై దాటినవాళ్ళలో దాన్ని వేడి అని వదిలేయకండి. ఎక్కువసార్లు కారణం పేగుల్లో ఉండే ఈ-కోలై బాక్టీరియా మూత్రనాళంలోకి చేరడం. ముట్లుడిగిన ఆడవాళ్ళలో, ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగిన మగవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో ఇది సులువుగా వస్తుంది. పైగా మోకాళ్ళ నొప్పులతో రాత్రి లేవలేక, గుంటూరు బస్సెక్కితే మధ్యలో దిగలేమని, మనవాళ్ళు నీళ్ళే మానేస్తారు.

డాక్టరుకు చూపించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే, మూత్రంలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే యూరిన్ కల్చర్‌కు ఇవ్వండి. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. గంట, రెండు గంటల్లో అందించలేకపోతే ఫ్రిజ్‌లో ఉంచండి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా మందు కావాలో లేదో డాక్టరే చెబుతారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన రెండు మాత్రలు వేసేస్తే కల్చర్‌లో క్రిమి దొరకకపోవచ్చు, రేపు అవసరానికి ఆ మందు పనిచేయకనూ పోవచ్చు.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడటం, మత్తుగా పడుకోవడం, తూలి పడటం

వయసు మతిమరుపు ఒక్క రాత్రిలో రాదు. ఇన్ఫెక్షన్ వల్ల ఇలా కావచ్చు. ఒంట్లో సోడియం తగ్గినా, షుగర్ పడిపోయినా, కొత్త మందు పడకపోయినా కూడా కావచ్చు. అందుకే ఒక్క మూత్ర పరీక్షతో సరిపెట్టకుండా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉన్నా అంతే. విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

రిపోర్టులో బాక్టీరియా ఉంది, మనిషికి ఏ బాధా లేదు

పెద్దవాళ్ళలో ఇది మామూలే. మూత్రనాళానికి ఆపరేషన్ లాంటిది ఉంటే తప్ప సాధారణంగా మందు అక్కర్లేదు. వాసన వచ్చిందనో, రంగు మారిందనో యాంటీబయాటిక్ అడగొద్దు.

తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావడం

మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతుందో స్కాన్‌లో చూడమనండి. ప్రోస్టేట్ సంగతి అక్కడ తేలుతుంది. ముట్లుడిగినవాళ్ళకు డాక్టరు రాసే, యోనిలో పూసుకునే ఈస్ట్రోజెన్ క్రీము బాగా పనిచేస్తుంది, సిగ్గుపడి ఆ మాట దాచకండి అమ్మా. మలబద్ధకం ఉంటే దానికీ వైద్యం చేయించాలి. నీళ్ళు పగలే ఎక్కువగా తాగించండి; గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఎంత తాగాలో డాక్టరును అడగాలి. మూత్రానికి పైపు (క్యాథెటర్) వేసి ఉంటే, మూత్రం పడే సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే వేలాడాలి. ఆ పైపు ఇంకా అవసరమా అని వెళ్ళిన ప్రతిసారీ అడగండి.